రాయగడ నర్సింగ్ హోమ్‌లో డెంగీ ప్యాకేజీ: ప్లేట్‌లెట్లు లెక్కపెట్టారు, హిమాటోక్రిట్ వదిలేశారు

వానలు మొదలయ్యేసరికి ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ వారు ‘డెంగీ ప్యాకేజీ’ అని ఒడియా, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో బోర్డు కట్టారు. డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడికి అక్కడే వైద్యం జరిగింది, పిల్లవాడు కోలుకున్నాడు. అయితే రోగి కోలుకున్నాడు కాబట్టి ఆసుపత్రి మంచిదని తేల్చేయడానికి డెంగీ తగిన జబ్బు కాదు. ఈ జ్వరం వచ్చినవారిలో ఎక్కువమంది విశ్రాంతితో, నీళ్ళతో, పారాసిటమాల్‌తో ఇంట్లోనే లేచి తిరుగుతారు. కొద్దిమందికి మాత్రం ఒకటి రెండు రోజుల వ్యవధిలోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ కొద్దిమందిలో మనవాడు ఉన్నాడో లేడో వేళ మించకముందే కనిపెట్టడానికే మనం ఆసుపత్రికి డబ్బు కడతాం. ఆ పనిని ఈ ప్యాకేజీ ఎంత బాగా చేస్తుందన్నదే ఈ సమీక్షకు నేను పెట్టుకున్న కొలబద్ద. ఆ లెక్కన వార్డులోని నర్సులకూ డాక్టరుగారికీ మంచి మార్కులే వేస్తాను గాని, ప్యాకేజీని కూర్చి అమ్ముతున్న కౌంటరుకు సగం కూడా వేయలేను. నర్సింగ్ హోమ్ పేరు రాయడం లేదు. ఇదే తరహా బోర్డులు సరిహద్దుకు అటు పార్వతీపురం వైపూ ఇటు కోరాపుట్ వైపూ కనిపిస్తున్నాయి కాబట్టి, పేరుకన్నా పద్ధతిని పరిశీలించడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

ప్యాకేజీ అంటే వారు ఇచ్చేది ఇది: చేరిన వెంటనే ఒక కార్డు టెస్టు, రోజుకు రెండుసార్లు ప్లేట్‌లెట్ల లెక్క, జనరల్ వార్డులో మంచం, అవసరమైనన్ని సెలైన్లు, డ్యూటీ డాక్టరు ఫీజు, వీటన్నిటితో పాటు ‘ఇమ్యూనిటీ కిట్టు’ అనే ఒక అట్టపెట్టె. ఆ పెట్టెలో బొప్పాయి ఆకు సారంతో చేసిన మాత్రలు, విటమిన్ బిళ్ళలు, రెండు గ్లూకోజు పొడి ప్యాకెట్లు ఉంటాయి. పెట్టె సంగతి తరువాత చెబుతాను.

ముందు పరీక్షల గురించి. కార్డు టెస్టులో మూడు గీతల చోట్లు ఉంటాయి. ఎన్‌ఎస్‌1 అనేది వైరస్ తానుగా రక్తంలోకి వదిలే ప్రోటీను, అది జ్వరం మొదలైన తొలి రోజు నుంచే దొరుకుతుంది. సుమారు ఐదు రోజులు దాటాక దొరకడం తగ్గిపోతుంది. ఐజీఎం అనేది మన శరీరం వైరస్‌కు ఎదురుగా తయారుచేసుకునే ప్రతిరక్షకం, అది సాధారణంగా ఐదో రోజు ప్రాంతంలో గాని పైకి తేలదు. కాబట్టి రెండో రోజు జ్వరంతో వచ్చినవాడికి ఐజీఎం లేదని ‘డెంగీ కాదు’ అనడమూ పొరపాటే, ఏడో రోజున ఎన్‌ఎస్‌1 లేదని అనడమూ పొరపాటే. జ్వరం ఎన్నో రోజన్నది రాయకుండా ఇచ్చిన రిపోర్టుకు విలువ చాలా తక్కువ. ఈ నర్సింగ్ హోమ్ ల్యాబులో రక్తం తీసే కుర్రవాడు ‘జ్వరం ఎప్పుడు మొదలైంది, పొద్దుటా సాయంత్రమా’ అని మా అక్కను రెండుసార్లు అడిగి, ఆ రోజు లెక్కను రిపోర్టు మీద చేత్తో రాశాడు. నేను చూసిన పెద్ద ల్యాబుల్లో కూడా ఈ జాగ్రత్త అరుదు. కార్డు టెస్టు ఒక సూచన మాత్రమేనని, దోమల జబ్బుల నియంత్రణకు ఉన్న జాతీయ కార్యక్రమం కింద నిర్ధారణగా లెక్కించేది ఎలైసా అనే ల్యాబు పద్ధతిలో చేసిన పరీక్షనేనని రిపోర్టు అడుగున ఒక వాక్యం అచ్చువేస్తే ఇంకా బాగుండేది. ఐజీఎం విషయంలో మన ప్రాంతానికి ఇంకొక చిక్కు ఉంది. డెంగీ వైరస్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు జ్వరం) వైరస్ ఒకే ఫ్లావివైరస్ కుటుంబానివి కాబట్టి ఒకదాని ప్రతిరక్షకాలు మరొకదాని పరీక్షలో గీతగా కనిపించే అవకాశం ఉంది. 2016లో మల్కన్‌గిరి జిల్లాలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ పిల్లల్ని ఎలా పొట్టన పెట్టుకుందో ఈ చుట్టుపక్కల ఎవరూ మరచిపోలేదు. పైగా ఒకసారి వచ్చిన ఐజీఎం రెండు మూడు నెలల దాకా రక్తంలో నిలవగలదు. ఒక్క ఐజీఎం గీతను పట్టుకుని ఇప్పటి జ్వరానికి పేరు పెట్టేయకూడదన్నమాట.

ప్యాకేజీలో నాకు కనిపించిన మొదటి పెద్ద లోటు మలేరియా పరీక్ష లేకపోవడం. వేరే ఊళ్ళో అయితే దీన్ని చిన్న లోటు అనుకోవచ్చు. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు ఫాల్సిపారం అనే ప్రాణాంతకమైన రకం మలేరియాకు పేరుపడిన చోట్లు; 2017లో ఒడిశా ప్రభుత్వం ‘దమన్’ పేరుతో ప్రత్యేక మలేరియా కార్యక్రమం మొదలుపెట్టింది ఇలాంటి మారుమూల గ్రామాల కోసమే. మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వంటి నొప్పులు, తలనొప్పి, వాంతులు రెంటిలోనూ ఉంటాయి. డెంగీకి ప్రత్యేకమైన మందు లేదు గాని ఫాల్సిపారం మలేరియాకు ఉంది, అది ఆలస్యమైతే మెదడుకు ఎక్కుతుంది. అందుచేత ప్లేట్‌లెట్లు తగ్గాయని చూడగానే డెంగీ అని మలేరియాను పక్కన పెట్టడం ఈ కొండప్రాంతంలో ఎంతమాత్రం తగని పని. మా అక్క అడిగిన మీదట డాక్టరుగారు వెంటనే రాశారు, డబ్బు విడిగా తీసుకున్నారు, ఫలితం నెగెటివ్ వచ్చింది. కాలి మడమల దగ్గర, చంకల్లో, నడుము దగ్గర నల్లని చెక్కు కట్టిన పుండు ఏమైనా ఉందేమోనని కూడా ఆయన స్వయంగా వెతికారు, ఎందుకంటే సన్నని పురుగు కుట్టి అలాంటి పుండుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఇదే కాలంలో ఇదే వేషంలో వస్తుంది, దానికీ మందు ఉంది. అడగకుండానే డాక్టరు అంత చూస్తున్నప్పుడు ప్యాకేజీ కాగితంలో మాత్రం మలేరియా పరీక్ష ఎందుకు లేదో నాకు బోధపడలేదు.

డాక్టరుగారి పరీక్ష నాకు నచ్చింది కాబట్టి దాని వెనుక ఉన్న సంగతి కొంత వివరిస్తాను. ఈడిస్ ఈజిప్టై దోమ కుట్టినప్పుడు వైరస్ మొదట చర్మంలోని కాపలా కణాల్లోకి చేరుతుంది. మోనోసైట్లు, మాక్రోఫేజులు వంటి రక్షక కణాలే దానికి పొదరిల్లు అవుతాయి. వాటి మీదనే ఎక్కి శోషరస గ్రంథులకూ, కాలేయానికీ, ప్లీహానికీ, ఎముక మజ్జకూ వ్యాపిస్తుంది. దోమకాటుకూ జ్వరానికీ మధ్య సాధారణంగా 4 నుంచి 10 రోజులు గడుస్తాయి. తరువాత ఒక్కసారిగా 39, 40 డిగ్రీల సెంటీగ్రేడు జ్వరం, కనుగుడ్ల వెనుక నొప్పి, నడుములో ఎముకలు విరిచేస్తున్నట్టు బాధ, ముఖం కందిపోవడం. ఈ బాధలో ఎక్కువ భాగం వైరస్ నేరుగా చేసేది కాక, దాని మీద పోరాటానికి మన కణాలు విడుదల చేసే సైటోకైన్లు అనే రసాయనాల ఫలితం. ఎముక మజ్జ మీద వేటు పడుతుంది కాబట్టి తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, తరువాత ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. మజ్జలో తయారీ మందగించడమే గాక, తయారైన ప్లేట్‌లెట్లను ప్రతిరక్షకాలు నాశనం చేయడం, రక్తనాళాల గోడల దగ్గర అవి ఖర్చయిపోవడం కూడా ఆ తగ్గుదలకు కారణాలే.

ఈ దశలో ఖర్చు లేకుండా చేయదగిన పరీక్ష ఒకటుంది. బీపీ పట్టీని చేతికి కట్టి, పై అంకెకూ కింది అంకెకూ నడుమనున్న ఒత్తిడి దగ్గర ఐదు నిమిషాలు అలాగే ఉంచి, విప్పిన తరువాత ముంజేతి మీద ఒక చదరపు అంగుళం మేరలో ఎన్ని ఎర్రటి చుక్కలు లేచాయో లెక్కపెడతారు. పది, అంతకు మించి ఉంటే డెంగీ అనుమానం బలపడుతుంది. డాక్టరుగారు ఈ పరీక్షను ఓపికగా చేశారు, మా వాడి చేతి మీది చుక్కల్ని మా అక్కకు చూపించి లెక్కపెట్టించారు. ఇదేమీ కచ్చితమైన నిర్ధారణ కాదు గాని, రక్తనాళాలు పెళుసుబారాయని కంటికి కనిపించేలా చెప్పగల పరీక్ష ఇది. యంత్రాల మీదనే ఆధారపడే కాలంలో దీన్ని చేసే డాక్టరు దొరకడం నాకు సంతోషం కలిగించింది.

ఆయన అడిగిన మరో ప్రశ్న, ‘ఇక్కడికి రాకముందు ఎవరైనా సూదిమందు వేశారా’ అన్నది. మన ఊళ్ళలో జ్వరం అనగానే ముందు వెళ్ళేది వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరకే, అక్కడ మొదట పడేది నొప్పులకు డైక్లోఫెనాక్ సూది. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మందులు డెంగీలో వాడకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గుతున్న వేళ అవి పొట్టలోపల రక్తస్రావానికి దారి తీస్తాయి, కండలోకి గుచ్చిన సూది చోటనే నెత్తురు గడ్డకట్టి వాచిపోతుంది. పారాసిటమాల్ ఒక్కటే వాడాలి, అదీ మోతాదు మించకుండా, ఎందుకంటే కాలేయం అప్పటికే దెబ్బతిని ఉంటుంది.

ఇక డెంగీ అసలు స్వభావం బయటపడేది జ్వరం తగ్గినప్పుడు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ఎప్పుడో ఒకప్పుడు వేడి దిగిపోతుంది, ఇంట్లో వాళ్ళు హమ్మయ్య అనుకుంటారు, డిశ్చార్జి గురించి మాట్లాడటం మొదలుపెడతారు. సరిగ్గా అప్పటి నుంచి 24 నుంచి 48 గంటలే ప్రమాదపు గడువు. వైరస్ వదిలిన ఎన్‌ఎస్‌1 ప్రోటీనూ, రక్షక కణాలు విడుదల చేసిన రసాయనాలూ కలిసి సన్నని రక్తనాళాల లోపలి పూతను దెబ్బతీస్తాయి. పూత సడలిన చోట రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, నాళం దాటి బయటికి కారిపోతుంది. అది ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో చేరుతుంది. ఎర్రకణాలు పెద్దవి కాబట్టి నాళంలోనే మిగిలిపోతాయి, గుడ్డలో మూటకట్టి వేలాడదీసిన పెరుగు నీరోడి గట్టిపడినట్టు రక్తం చిక్కబడుతుంది. నాళాల్లో తిరిగే ద్రవం తగ్గేసరికి గుండె వేగం పెంచుతుంది, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. బీపీ పై అంకె మొదట్లో బాగానే కనిపిస్తుంది, కింది అంకె మాత్రం పైకి జరుగుతుంది. రెంటి మధ్య తేడా 20కి దిగిందంటే అప్పటికే షాకు, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితి, మొదలైనట్టు. రోగి స్పృహలో ఉండి మాట్లాడుతూనే ఉంటాడు, అదే ఇందులోని మోసం. షాకు పొడుగైతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తం గడ్డకట్టే వ్యవస్థ తప్పిపోతుంది, తీవ్రమైన రక్తస్రావాలు చాలావరకు ఆ తరువాతనే వస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గితేనే మనిషి పోతాడన్న నమ్మకం ఈ వరుసను తలకిందులుగా చూడటం వల్ల పుట్టిందే.

రక్తం చిక్కబడటాన్ని అంకెల్లో చెప్పేదే హిమాటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించిన భాగం శాతంలో. ఆరోగ్యవంతుడైన మగవాడిలో అది నలభై శాతం పైచిలుకు ఉంటుంది. జ్వరం తొలినాళ్ళలో 40 ఉన్నది 48 అయిందంటే 20 శాతం పెరిగినట్టు, ప్లాస్మా గట్టిగానే కారుతున్నదని అర్థం. అందుకే తొలి రోజుల్లో తీసిన ఒక లెక్క చేతిలో ఉండాలి, తరువాతి లెక్కల్ని దానితో పోల్చి చూడాలి. ప్లేట్‌లెట్లు వేగంగా పడుతూ హిమాటోక్రిట్ పెరుగుతూ ఉంటే, ఆ రెండూ కలిసి కనిపించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాల్లో హెచ్చరిక లక్షణాల జాబితాలో చేర్చింది. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో నెత్తురు, మగతగా పడి ఉండటం లేక ఊరికే అల్లాడిపోవడం, కాలేయం వాయడం, పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరడం కూడా ఆ జాబితాలోనివే.

ఇప్పుడు నా ప్రధాన ఫిర్యాదుకు వస్తాను. ప్యాకేజీ కింద రోజుకు రెండుసార్లు ఇచ్చే చీటీ మీద ఒకే ఒక అంకె ఉంటుంది, అది ప్లేట్‌లెట్లది, ఎర్ర సిరాతో. హిమాటోక్రిట్ లేదు. రక్తకణాలను లెక్కించే యంత్రంలో రక్తం పెట్టినప్పుడు ప్లేట్‌లెట్లతో పాటు తెల్లకణాలూ, హిమోగ్లోబినూ, హిమాటోక్రిట్టూ అన్నీ ఒకేసారి వస్తాయి. అదే బొట్టు, అదే ఖర్చు, అదే నిమిషం. యంత్రం చెప్పిన దాన్ని కాగితం మీద నుంచి తొలగించి, జనం భయపడే ఒక్క అంకెను మాత్రం ఎర్రగా అచ్చువేసి ఇవ్వడంలో వైద్యపరమైన కారణం ఏదీ నాకు కనిపించలేదు. చూడటానికి వచ్చిన బంధువులందరూ ‘ఎంతకు పడ్డాయి’ అని అడగడం, మా అక్క ఆ అంకె చెప్పి ఏడవడం, పక్క మంచం వాళ్ళు తమ అంకెతో పోల్చుకోవడం, వార్డంతా ఇదే గోల. పూర్తి రిపోర్టు కావాలని అడిగితే ల్యాబువాళ్ళు మారుమాట లేకుండా ఇచ్చారు. అందులో చూస్తే మొదటి రోజు 40గా ఉన్న హిమాటోక్రిట్ జ్వరం దిగిన పూట 46కు చేరింది. పిల్లవాడు ఆ మధ్యాహ్నమే కడుపునొప్పి అంటున్నాడు. ప్రాణానికి సంబంధించిన వార్త ఆ 46లో ఉంది, చీటీ మీద లేదు.

వార్డు నర్సులు మాత్రం ఆ అంకెను డాక్టరు చెప్పకముందే యంత్రం కాగితంలో చూసుకుని చార్టులో ఎక్కించారు. గుణుపురం అమ్మాయి ఒకామె రాత్రి డ్యూటీలో ఉంది, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుతుంది. ‘జరం తగ్గిందని సంబరపడకండమ్మా, ఈ రాత్రి గడవనివ్వండి’ అని ఆమె మా అక్కతో అన్న మాట ప్యాకేజీ కాగితమంతటికన్నా విలువైనది. గంటగంటకూ నాడి, బీపీ రెండు అంకెలూ, వాటి తేడా, చేతివేళ్ళు వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే రంగు ఎంతసేపటికి తిరిగి వచ్చింది, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు, అన్నీ రాశారు. మూత్రానికి కొలత గీతలున్న సీసా ఇచ్చి, పోయిన ప్రతిసారీ చూపించమన్నారు. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు, అంటే అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు వస్తే చాలునని లెక్క కూడా చెప్పారు.

సెలైను విషయంలోనూ వారి పద్ధతి సరిగానే ఉంది. హెచ్చరిక లక్షణాలు ఉన్నవారికి కిలోకు గంటకు 5 నుంచి 7 మిల్లీలీటర్ల చొప్పున ఒకటి రెండు గంటలు ఇచ్చి, మళ్ళీ హిమాటోక్రిట్ చూసి, 3 నుంచి 5కు, ఆపైన 2 నుంచి 3కు తగ్గించుకుంటూ రావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వరుస. ఇక్కడ దాదాపు అలాగే చేశారు. సీసా తరువాత సీసా ఎక్కించడమే మంచి వైద్యమని మనవాళ్ళలో ఒక భ్రమ ఉంది, సెలైను ఆపితే ‘పట్టించుకోవడం లేదు’ అని గొడవపడేవారిని ఆ వార్డులోనే చూశాను. కారిపోయిన ప్లాస్మా కోలుకునే దశలో, తరువాతి 48 నుంచి 72 గంటల్లో, తనంతట తాను నాళాల్లోకి తిరిగి వస్తుంది. అప్పుడు కూడా సెలైను ఎక్కిస్తూ ఉంటే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లో నిండి ఊపిరాడదు. సెలైను ఎప్పుడు పెట్టాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు తీసేయాలో కూడా అంతే ముఖ్యం. ఇక్కడ వేళకు తీశారు, బంధువులు గొణుక్కున్నా చలించలేదు.

కౌంటరు దగ్గర మాత్రం కథ వేరు. ప్లేట్‌లెట్లు 32,000కు దిగాయని చీటీ రాగానే కౌంటరు మనిషి వచ్చి, విశాఖపట్నం నుంచి ప్లేట్‌లెట్లు తెప్పించుకోవాలి, లేకపోతే బాధ్యత మాది కాదు అన్నాడు. డాక్టరు అలా రాయలేదు. నెత్తురు ఎక్కడా కారకుండా ఉన్న రోగికి అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల లాభం లేదని సింగపూరు, మలేషియా ఆసుపత్రుల్లో జరిగి 2017లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అందులో తీసుకున్నది 20,000, అంతకన్నా తక్కువ ఉన్న పెద్దవాళ్ళనే. ఎక్కించినవారిలో రక్తస్రావం తగ్గకపోగా దుష్ఫలితాలు ఎక్కువ కనిపించాయి. మన దేశపు మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనివారి విషయంలో 10,000 కన్నా దిగితేనే ఆలోచించమంటాయి. రక్తస్రావం ఉంటే సంగతి వేరు, అప్పుడు తప్పక డాక్టరు నిర్ణయం మీద నడవాలి. డాక్టరుగారు రౌండుకు వచ్చి ఒక్క మాటలో వద్దన్నారు, విశాఖ రైలు ఎక్కబోయిన మా బావగారు వెనక్కి వచ్చారు. రెండు రోజుల్లో అంకె దానంతట అదే పైకి లేచింది. వైద్యం రాయని మాట వైద్యం పేరుతో కౌంటరు చెప్పడాన్ని యాజమాన్యం ఎందుకు సహిస్తున్నదో వారే జవాబు చెప్పాలి.

బొప్పాయి ఆకు మాత్రల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని చిన్న పరిశోధనల్లో వీటివల్ల ప్లేట్‌లెట్ల అంకె కొంత త్వరగా పెరిగినట్టు కనిపించింది. ప్లాస్మా కారడాన్ని గాని షాకును గాని అవి ఆపుతాయనడానికి రుజువు లేదు. మన ఇళ్ళలో చేసినట్టు ఆకు నూరి చేదు రసం తాగిస్తే వాంతులు ఎక్కువై అసలే తగ్గిన నీరు ఇంకా తగ్గే ప్రమాదం ఉంది. ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కడుపులో నిలిచేలా కొద్దికొద్దిగా తాగించడం వల్ల కలిగే మేలు ఆ పెట్టెలో దేనివల్లా కలగదు. పైపెచ్చు ఉత్త గ్లూకోజు పొడిలో ఉప్పు ఉండదు.

కార్డు టెస్టులో మా వాడికి ఎన్‌ఎస్‌1తో పాటు మూడోదైన ఐజీజీ గీత కూడా వచ్చింది; ఐజీజీ అంటే జబ్బు తగ్గాక కూడా చాలాకాలం రక్తంలో నిలిచే ప్రతిరక్షకం. ఆ గీత అర్థం ఎవరూ చెప్పలేదు, ఈ సేవలో ఇది నా రెండో పెద్ద ఫిర్యాదు. జ్వరం తొలి రోజుల్లోనే ఐజీజీ కనిపించిందంటే ఇంతకుముందు ఎప్పుడో ఒకసారి డెంగీ వచ్చి పోయి ఉండవచ్చని, ఇది రెండోసారి కావచ్చని అనుమానించాలి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు ఉన్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకానికి చిరకాలం రక్షణ ఉంటుంది, మిగిలిన మూడింటికి కొద్ది నెలలే. ఆ తరువాత వేరే రకం వస్తే పాత ప్రతిరక్షకాలు దాన్ని పట్టుకుంటాయి గాని చంపలేవు. పట్టుకున్న దాన్ని నేరుగా మోనోసైట్ల లోపలికి చేరవేస్తాయి. శత్రువును ఇంట్లోకి తోడ్కొని వచ్చే ఈ తీరును 1960లలో బ్యాంకాక్ పిల్లల ఆసుపత్రుల్లో గమనించి వివరించినవాడు స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికన్ వైద్యుడు. క్యూబాలో 1977లో మొదటి రకం, 1981లో రెండో రకం వచ్చినప్పుడు, రెండోసారి జబ్బుపడినవారే ఎక్కువ తీవ్రతకు లోనుకావడం ఆ మాటకు బలం చేకూర్చింది. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు తగ్గుముఖం పట్టే 6 నుంచి 9 నెలల శిశువులకు తొలిసారే తీవ్రంగా రావడం కూడా ఇదే కోవలోది. రెండోసారి జబ్బుపడినవారిలో ఎన్‌ఎస్‌1 గీత కూడా తొందరగా మాయమవుతుంది, కనుక ఆ గీత లేనంత మాత్రాన ధైర్యపడకూడదు. ఐజీజీ గీత చూపించే టెస్టుకు డబ్బు తీసుకుంటున్నప్పుడు ఈ నాలుగు మాటలు రోగి మనుషులకు చెప్పడం వారి విధి.

వార్డు శుభ్రంగానే ఉంది. మంచాలకు దోమతెరలు మాత్రం లేవు. అడిగితే, డెంగీ దోమ పగలు కుడుతుంది కదా, రాత్రి తెర ఎందుకు అని జవాబు వచ్చింది. దోమ పగలు కుడుతుందన్నది నిజమే, పొద్దున్నే ఒకసారి, సాయంత్రం చీకటి పడకముందు ఒకసారి ఎక్కువగా కుడుతుంది. రోగి పగలంతా పడుకునే ఉంటాడు కదా! జ్వరం మొదలయ్యే ముందు రోజు నుంచి సుమారు ఐదో రోజు దాకా అతని రక్తంలో వైరస్ ఉంటుంది, అప్పుడు కుట్టిన దోమ 8 నుంచి 12 రోజుల తరువాత బతికినన్నాళ్ళూ దాన్ని పంచుతూనే ఉంటుంది. డెంగీ వార్డులో తెర కావలసింది పగలే. మలేరియా దోమ రాత్రి కుడుతుంది కాబట్టి పల్లెల్లో ప్రభుత్వం పంచిన తెరలు దానికి సరిపోయాయి. ఆ అలవాటుతో డెంగీని కొలిస్తే కుదరదు. ఇంతకన్నా విడ్డూరం, వార్డు కిటికీ బయట బిగించిన కూలరు అడుగు పళ్ళెంలో నీళ్ళు నిలిచి ఉండటం. పది రోజులు కదలని అలాంటి నీళ్ళలో గుడ్డు దోమ అవుతుంది. నీళ్ళు పారబోస్తే చాలదు, నీటి అంచు పైన గోడకు అంటుకున్న గుడ్లు ఎండి కూడా నెలల తరబడి బతుకుతాయి, పీచుపెట్టి తోమాలి. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియక ఇంటింటా డ్రమ్ములూ గోళేలూ నింపుకునే ఊరిలో ఈ మాట ఆసుపత్రే చెప్పాలి. కూలరు సంగతి చెప్పినప్పుడు వార్డు ఆయా మారు మాట్లాడకుండా పళ్ళెం దించి తోమిందని కూడా రాయడం న్యాయం.

డిశ్చార్జి తొందరపెట్టి చేయలేదు. మందు లేకుండా జ్వరం రాకుండా ఉండటం, ఆకలి పుట్టడం, మూత్రం బాగా రావడం, హిమాటోక్రిట్ నిలకడగా ఉండటం, ప్లేట్‌లెట్లు పెరుగుతూ ఉండటం చూసి పంపారు. ఒళ్ళంతా ఎర్రబడి నడుమ తెల్లటి మచ్చలు తేలి, అరిచేతులూ అరికాళ్ళూ దురద పెడితే భయపడవద్దని, అది కోలుకుంటున్న గుర్తేనని ముందుగానే చెప్పారు. సరిగ్గా అలాగే వచ్చింది. నీరసం వారాల తరబడి ఉండవచ్చని మాత్రం చెప్పలేదు. కాగితం ఇంగ్లీషులో ఉంది, ఏ లక్షణం కనిపిస్తే తిరిగి రావాలో తెలుగులోనో ఒడియాలోనో ఒక పేజీ అచ్చువేయడానికి పెద్ద ఖర్చు కాదు.

ఎవరు వెళ్ళాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం ఇది. డబ్బు ఇబ్బంది ఉన్నవారు జిల్లా కేంద్ర ఆసుపత్రికే వెళ్ళవచ్చు, అక్కడ నిదాన్ పథకం కింద పరీక్షలు, నిరామయ పథకం కింద మందులు ఉచితం. అక్కడ రద్దీ వల్ల గంటగంటకూ చూసేవారు దొరకరని అనిపించినప్పుడు, లేక హెచ్చరిక లక్షణాలు మొదలైనప్పుడు, ఈ నర్సింగ్ హోమ్ వార్డు డబ్బుకు తగినదే. షాకు లక్షణాలు, నెత్తురు వాంతులు, స్పృహ తప్పడం ఉంటే 108కు ఫోను చేసి ఐసీయూ ఉన్న చోటికే తీసుకువెళ్ళాలి, ఇక్కడ ఐసీయూ లేదు, ఆ మాట వారే ముందుగా చెబుతారు. గర్భిణుల్నీ, పసిబిడ్డల్నీ, చక్కెర జబ్బు ఉన్న వృద్ధుల్నీ కూడా నేనైతే పెద్ద ఆసుపత్రికే తీసుకువెళ్ళమంటాను.

వార్డు సేవకు ఐదుకు నాలుగున్నర, ల్యాబుకు మూడున్నర, ప్యాకేజీ కూర్పుకు ఒకటిన్నర. చేరేటప్పుడే మలేరియా పరీక్ష కలపమని, ప్రతిసారీ పూర్తి రక్త రిపోర్టు ఇవ్వమని, కిట్టు వద్దని కౌంటరులో చెప్పండి. కిట్టు పద్దు బిల్లులోంచి తీసేయమని మా బావగారు అడిగితే కౌంటరు మనిషి కాస్త ముఖం ముడుచుకున్నాడు గాని, కొట్టివేసి ఆ డబ్బు తిరిగి ఇచ్చాడు.